బారిస్టర్ గాంధీ నేర్చుకున్న రెండో విద్య

మడికొండ దగ్గర హైదరాబాద్ - వరంగల్ రోడ్డు పక్కన కాసేపు నిలబడి చూడండి. బస్సులు, లారీలు, కాజీపేట వైపు పోయే కాలేజీ పిల్లల బైకులు. ఎప్పుడో ఒకసారి ఒక బైక్ స్కిడ్ అవుతుంది. నిమిషంలో జనం గుమిగూడతారు. ఒకరు 108కి ఫోన్ చేస్తారు. ఇద్దరు వీడియో తీస్తారు. ఒకాయన నీళ్లు తాగించమంటాడు. ఇంకొకాయన లేపి కూర్చోబెట్టమంటాడు. రక్తం కారుతున్న చోట శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా ఒత్తిపట్టుకోవాలని తెలిసినవాళ్లు మాత్రం ఆ గుంపులో చాలాసార్లు ఉండరు. డిగ్రీ, బీటెక్ చదివినవాళ్లకు అక్కడ కొదవేమీ ఉండదు. కానీ అంబులెన్స్ వచ్చేలోపు గడిచే ఆ కొద్ది నిమిషాల గురించి మన సిలబస్‌లో పేపర్ లేదు.

సుమారు 125 ఏళ్ల కిందట ఒక యువ లాయరు ఈ పేపర్‌ని ఎవరూ అడక్కుండానే చదువుకున్నారు. రోజూ పొద్దున కాస్త టైం తీసి, ఒక చిన్న ధర్మాసుపత్రిలో పని చేస్తూ నేర్చుకున్నారు. ఆయన మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ. సత్యాగ్రహం, ఉప్పు, చరఖా మనందరికీ తెలిసినవే. స్ట్రెచర్ భుజాన వేసుకున్న గాంధీ, కట్లు కట్టిన గాంధీ, 44 ఏళ్ల వయసులో ఫస్ట్ ఎయిడ్ క్లాసులో కూర్చున్న గాంధీ గురించి తెలిసింది తక్కువ. ఉద్యోగం కోసం తిరుగుతున్నవాళ్లకు ఈ గాంధీ ఎక్కువ పనికొస్తారు.

తండ్రి పుండుకు కట్టు

గాంధీ 1869 అక్టోబర్ 2న పోర్‌బందర్‌లో పుట్టారు. చదువులో మొదటి వరస విద్యార్థి కాదు. సిగ్గరి. హైస్కూల్లో ఉండగా తండ్రి కరంచంద్ మంచాన పడ్డారు. ఆయనకు భగందరం. పుండు కడిగి కట్టు మార్చడం, మందులు నూరి ఇవ్వడం, రాత్రి కాళ్లు పట్టడం కొడుకు పని. బడి నుంచి రాగానే నేరుగా తండ్రి మంచం దగ్గరికే. 1885లో తండ్రి పోయారు. ఆ చివరి నిమిషంలో తాను పక్కన లేకపోవడం గాంధీని జీవితాంతం బాధించింది.

1887లో మెట్రిక్ పాసయ్యాక భావనగర్‌లో సామల్‌దాస్ కాలేజీలో చేరారు. పాఠాలు అర్థం కాలేదు. ఒక్క టర్మ్‌తో ఇంటికి వచ్చేశారు. డాక్టరీ చదవాలని ఆయనకు ఉండేది. శవాలను కోసే చదువు మనకొద్దని ఇంట్లో ఒప్పుకోలేదు. దాంతో లా వైపు తిరిగారు. 1888 సెప్టెంబర్‌లో లండన్ ఓడ ఎక్కారు. 1891 జూన్‌లో బారిస్టర్ అయ్యారు. డాక్టర్ కాలేకపోయారు గానీ, తండ్రి పక్కన నేర్చుకున్న చేతి పని మాత్రం మర్చిపోలేదు.

ఉద్యోగం రాని బారిస్టర్

ఫారిన్ డిగ్రీతో వస్తే ఉద్యోగం ఎదురొస్తుందని మనం అనుకుంటాం. గాంధీ విషయంలో అలా జరగలేదు. బొంబాయిలో ప్రాక్టీస్ పెట్టారు. స్మాల్ కాజెస్ కోర్టులో మొదటి కేసు. సాక్షిని ప్రశ్నించడానికి లేచి నిలబడ్డారు, కాళ్లు వణికాయి, నోట మాట రాలేదు. కేసు ఇంకొకరికి అప్పగించి, తీసుకున్న ఫీజు తిరిగి ఇచ్చేసి బయటికి వచ్చేశారు.

ఆ తర్వాత పేపర్లో ప్రకటన చూసి ఒక హైస్కూల్లో ఇంగ్లిష్ టీచర్ పోస్టుకు అప్లై చేశారు. జీతం నెలకు 75 రూపాయలు. ఇంటర్వ్యూకి పిలిచారు. గ్రాడ్యుయేట్ కాదని తెలిసి తిప్పి పంపారు. లండన్ మెట్రిక్ పాసయ్యానని, లాటిన్ కూడా వచ్చని చెప్పినా లాభం లేకపోయింది. రూల్ రూలే. ఆరు నెలల్లో బొంబాయి సంసారం ఎత్తేసి రాజ్‌కోట్ చేరి, అర్జీలు రాసిపెట్టే పనితో రోజులు నెట్టుకొచ్చారు.

అలాంటప్పుడు వచ్చిందే దాదా అబ్దుల్లా కంపెనీ పిలుపు. దక్షిణాఫ్రికాలో ఒక ఏడాది కాంట్రాక్టు పని. రానుపోను ఖర్చులు వాళ్లవే, జీతం 105 పౌండ్లు. బారిస్టర్ హోదాకి అది పెద్ద ఆఫర్ కాదు, ఒకరకంగా కంపెనీ నౌకరీయే. అయినా ఒప్పుకుని 1893 మే నెలలో డర్బన్‌లో దిగారు. జూన్ 7 రాత్రి పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్‌లో ఫస్ట్ క్లాస్ టికెట్ ఉన్నా పెట్టెలోంచి కిందికి తోసిన సంగతి అందరికీ తెలుసు. ఒక ఏడాది పనికి వెళ్లినాయన మధ్యలో ఇండియాకు వచ్చిపోతూ 1914 దాకా అక్కడే ఉండిపోయారు.

రక్తంతో వచ్చిన బాలసుందరం

ప్రాక్టీస్ మొదలుపెట్టి మూడు నాలుగు నెలలే. ఒకరోజు చిరిగిన బట్టలతో, తలపాగా చేతిలో పట్టుకుని ఒక మనిషి గాంధీ ఆఫీసు ముందు వచ్చి నిలబడ్డాడు. ముందు పళ్లు రెండు విరిగి ఉన్నాయి, నోటినిండా రక్తం. పేరు బాలసుందరం. తమిళుడు, ఒప్పంద కూలీ. యజమాని కొట్టాడు.

లాయరు దగ్గరికి వచ్చిన మనిషి కాబట్టి ముందు కేసు గురించే మాట్లాడాలి. గాంధీ ముందు డాక్టర్ దగ్గరికి పంపారు. గాయానికి చికిత్స, దాంతోపాటే గాయం ఎలాంటిదో చెప్పే సర్టిఫికెట్. ఆ కాగితంతో నేరుగా మేజిస్ట్రేట్ దగ్గరికి తీసుకెళ్లారు. చివరికి బాలసుందరం ఒప్పందాన్ని వేరే యజమానికి మార్పించారు. ముందు మనిషి, తర్వాత కాగితం. యాక్సిడెంట్ జరిగిన చోట ఈ వరస ఇప్పటికీ ఇదే.

ఈ కబురు కూలీల్లో పాకింది. ఆ కూలీల్లో మనవాళ్లు కూడా ఉన్నారు. 1860 అక్టోబర్‌లో మద్రాసు రేవు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ, నవంబర్ 16న డర్బన్ చేరింది. నేటాల్ చెరకు తోటలకు వెళ్లిన మొదటి కూలీలు వాళ్లే. 1911 దాకా సుమారు 1,52,000 మంది అలా వెళ్లారు. ఎక్కువ మంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవాళ్లే. విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు వాళ్లలో ఉన్నారు. వాళ్ల వారసులే 1931లో డర్బన్‌లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు.

రోజూ రెండు గంటల కాంపౌండర్

ప్రాక్టీస్ నిలదొక్కుకున్నాక కూడా గాంధీకి తృప్తి లేదు. ఒకరోజు ఒక కుష్ఠు రోగి ఇంటి గుమ్మంలోకి వచ్చాడు. అన్నం పెట్టి పంపెయ్యడానికి మనసొప్పలేదు. ఇంట్లోనే ఉంచుకుని పుండ్లు కడిగి కట్లు కట్టారు. ఎన్నాళ్లో అలా ఉంచుకోలేక ప్రభుత్వ ఆసుపత్రికి పంపారు. కానీ ఇలాంటి పని రోజూ చెయ్యాలన్న కోరిక మిగిలిపోయింది.

డర్బన్‌లో సెయింట్ ఎయిడాన్స్ మిషన్‌కి పెద్దగా ఉన్న డాక్టర్ బూత్ రోగులను ఉచితంగా చూసేవారు. పార్సీ రుస్తుంజీ ఇచ్చిన విరాళంతో ఆయన ఆధ్వర్యంలో ఒక చిన్న ధర్మాసుపత్రి తెరిచారు. మందులు కలిపి ఇవ్వడానికి మనిషి కావాలి. గాంధీ ఆ పనికి ఒప్పుకున్నారు. రానుపోను కలిపి రోజూ పొద్దున రెండు గంటలు. రోగి బాధేంటో అడిగి తెలుసుకోవడం, డాక్టర్‌కి వివరంగా చెప్పడం, రాసిన మందు కలిపి ఇవ్వడం. అంటే కాంపౌండర్ ఉద్యోగం, జీతం లేకుండా.

అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది తమిళ, తెలుగు, ఉత్తరాది ఒప్పంద కూలీలు. కోర్టులో పరిచయం కాని జనం ఆయనకు ఇక్కడ పరిచయమయ్యారు. చెరకు కోస్తూ తెగిన వేలు, మానని పుండు, జ్వరం. బాధ పడుతున్న మనిషి చెప్పేది ఓపిగ్గా వినడం, అందులోంచి డాక్టర్‌కి కావలసింది నాలుగు మాటల్లో చెప్పడం ఆయనకు అలవాటైంది. 108కి ఫోన్ చేసినప్పుడు మన దగ్గర ఉండాల్సిన నేర్పు కూడా ఇదే. ఎక్కడ, ఏం జరిగింది, ఎంతమంది, స్పృహ ఉందా, ఊపిరి ఆడుతోందా అన్న అయిదు సంగతులు చెప్తే చాలు.

ఇదే కాలంలో ప్రసవం, పసిపిల్లల సంరక్షణ గురించి ఒక గుజరాతీ పుస్తకం శ్రద్ధగా చదివారు. 1900 మేలో ఆఖరి కొడుకు దేవదాస్ పుట్టినప్పుడు నొప్పులు అకస్మాత్తుగా మొదలయ్యాయి. డాక్టర్ వెంటనే దొరకలేదు, మంత్రసానిని పిలుచుకొచ్చే టైం లేదు. కాన్పు గాంధీయే చేశారు. ముందే చదివి ఉండటం వల్ల కంగారు పడలేదు.

వద్దన్నారు.. నేర్చుకుని మళ్లీ అడిగారు

1899 అక్టోబర్‌లో బ్రిటిష్‌వాళ్లకు, బోయర్లకు యుద్ధం మొదలైంది. గాయపడ్డ సైనికులను మోసే పని తాము చేస్తామని భారతీయుల తరఫున గాంధీ ప్రభుత్వానికి రాశారు. మీ సాయం ఇప్పుడేమీ అక్కర్లేదని జవాబు వచ్చింది. భారతీయులు పిరికివాళ్లు, డబ్బు తప్ప ఇంకేమీ పట్టదు అన్న చిన్నచూపు తెల్లవాళ్లలో ఉండేది.

ఇక్కడ గాంధీ చేసిన పని గమనించండి. తిరస్కరించారని ఊరుకోలేదు. డాక్టర్ బూత్ దగ్గర ఆయన, మిగతా వాలంటీర్లు గాయపడ్డవాళ్లకు చేసే సేవలో ట్రైనింగ్ తీసుకున్నారు. శారీరకంగా పనికొస్తారని మెడికల్ సర్టిఫికెట్లు కూడా తెచ్చుకున్నారు. తర్వాత మళ్లీ అడిగారు. యుద్ధంలో దెబ్బలు తిన్నాక ప్రభుత్వానికి మనుషులు కావలసి వచ్చారు. అప్పటికి సిద్ధంగా ఉన్నది వీళ్లే.

దళంలో సుమారు 1,100 మంది చేరారు. దాదాపు 40 మంది నాయకులు. స్వతంత్రంగా బతికే భారతీయులు 300 మంది దాకా, మిగిలినవాళ్లు ఒప్పంద కూలీలు. డిసెంబర్‌లో కొలెన్సో దగ్గర పని మొదలైంది. గాయపడ్డవాళ్లను స్ట్రెచర్ మీద పడుకోబెట్టి రోజుకు 20 నుంచి 25 మైళ్లు, అంటే 32 నుంచి 40 కిలోమీటర్లు నడిచారు. మడికొండ నుంచి జనగామ వైపు సగం దారికి పైగా మనిషిని మోసుకుంటూ నడిచినట్టు అనుకోండి. అదీ కుదుపు తగలకుండా. ఎముక విరిగినవాడికి ప్రతి కుదుపూ నరకమే కదా.

కాల్పులు జరిగే చోటికి వీళ్లు వెళ్లనక్కర్లేదని ముందు ఒప్పందం. 1900 జనవరిలో స్పియన్ కాప్ కొండ దగ్గర పరిస్థితి విషమించింది. రూల్ ప్రకారం రావలసిన పని లేదు, వస్తే మేలు చేసినవాళ్లవుతారని జనరల్ బుల్లర్ నుంచి కబురు వచ్చింది. దళం వెనకాడలేదు. ఆ కాల్పుల మధ్యకు వెళ్లి మోసుకొచ్చినవాళ్లలో జనరల్ వుడ్‌గేట్ కూడా ఉన్నారు. ఆరు వారాల తర్వాత దళాన్ని పంపేశారు. బుల్లర్ తన నివేదికలో వీళ్ల పనిని మెచ్చుకున్నారు. 37 మంది నాయకులకు పతకాలు వచ్చాయి. స్ట్రెచర్ మోసిన వందలాది కూలీలకు పతకం రాలేదు. వాళ్ల పేర్లు కూడా మనకు మిగల్లేదు.

ప్లేగు గోదాం

1904లో జొహానెస్‌బర్గ్ దగ్గర ఒక బంగారు గనిలో ప్లేగు పుట్టింది. జబ్బు తగిలిన 23 మంది భారతీయులు ఒక సాయంత్రం తమ వాడకు తిరిగొచ్చారు. అక్కడే ఉన్న మదన్‌జిత్ ఒక ఖాళీ ఇంటి తాళం పగలగొట్టి వాళ్లందరినీ అందులో పడుకోబెట్టి గాంధీకి కబురు పెట్టారు. గాంధీ సైకిలెక్కి వెళ్లారు. డాక్టర్ విలియం గాడ్‌ఫ్రే వచ్చారు. ముగ్గురు మనుషులు 23 మందికి సరిపోరు.

గాంధీ ఆఫీసులో నలుగురు యువ గుమాస్తాలు ఉన్నారు. ప్లేగు అంటుకుంటే చావే అని అందరికీ తెలుసు. సంగతి చెప్పగానే నలుగురూ కదిలారు. ఆ రాత్రంతా మందులు ఇవ్వడం, పక్కలు శుభ్రం చెయ్యడం, ధైర్యం చెప్పడం. మర్నాడు మున్సిపాలిటీ ఒక ఖాళీ గోదాం ఇచ్చింది, ఒక నర్సును పంపింది. రోగుల్లో ఇద్దరే బతికారు. ఆ నర్సు కూడా ప్లేగుకే బలైంది. గాంధీకి, ఆ నలుగురికి జబ్బు అంటలేదు. అది వాళ్ల అదృష్టం. ఇవాళైతే మాస్క్, గ్లవ్స్ లేకుండా అలా దిగకూడదు. ప్రథమ చికిత్సలో మొదటి సూత్రం కూడా అదే. ముందు మీరు క్షేమంగా ఉండాలి. మీరూ పడిపోతే అక్కడ రోగులు ఇద్దరవుతారు.

ఎవరూ ముట్టని గాయాలు

1906లో నేటాల్‌లో జూలూలు తిరగబడ్డారు. గాంధీ మళ్లీ ఒక దళం కట్టారు. ఈసారి 24 మందే. నలుగురు గుజరాతీలు, ఒక పఠాన్, మిగిలినవాళ్లు దక్షిణ భారతం నుంచి కూలీలుగా వెళ్లి ఒప్పందం తీరినవాళ్లు. బ్రిటిష్ సైన్యం వెంట వెళ్లడం సరైనదేనా అన్న చర్చ ఇప్పటికీ ఉంది. అది తిరుగుబాటు కాదు, మనుషుల వేట అని అక్కడికి వెళ్లాక గాంధీకే అనిపించింది.

దళానికి దొరికిన పని వేరు. కొరడా దెబ్బలు తిన్న జూలూల గాయాలు రోజుల తరబడి ఎవరూ కడగక చీము పట్టాయి. తెల్ల నర్సులు వాళ్లను ముట్టుకోవడానికి ఒప్పుకోలేదు. ఆ గాయాలు కడిగి కట్లు కట్టింది గాంధీ దళం. వాళ్ల గాయాలు ముట్టుకోవద్దని కంచె అవతల నుంచి తెల్ల సైనికులు వారించేవాళ్లు. భాష రాకపోయినా సైగలతో, కళ్లతో జూలూలు కృతజ్ఞత చెప్పేవాళ్లు. కొన్ని రోజులు 40 మైళ్ల దాకా నడిచారు. దాదాపు ఆరు వారాలు ఇదే పని. గాయపడ్డవాడు మనవాడా, పరాయివాడా అని గాంధీ అడగలేదు.

నలభై నాలుగేళ్ల విద్యార్థి

1914 ఆగస్టులో గాంధీ లండన్ చేరేసరికి మొదటి ప్రపంచ యుద్ధం మొదలై రెండు రోజులైంది. అక్కడి భారతీయ విద్యార్థులతో మళ్లీ అంబులెన్స్ దళం తయారైంది. ఈసారి క్లాసు చెప్పింది డాక్టర్ జేమ్స్ కాంట్లీ. ఫస్ట్ ఎయిడ్ శిక్షణను జనంలోకి తీసుకెళ్లిన మొదటి తరంలో ఆయన ఒకరు. చైనా నాయకుడు సన్ యట్‌సెన్‌ను 1896లో లండన్‌లో బంధిస్తే విడిపించడానికి పోరాడింది కూడా ఈ కాంట్లీయే.

ఆరు వారాల కోర్సు. క్లాసులో సుమారు 80 మంది. ఎక్కువగా కుర్రాళ్లు. వాళ్ల మధ్య 44 ఏళ్ల గాంధీ. మూడు చోట్ల ఈ పని చేసి వచ్చిన మనిషి, నాకు తెలుసులే అనుకుని బయట కూర్చోలేదు. పుస్తకం పట్టుకుని పరీక్ష రాశారు. ఒక్కరు తప్ప క్లాసంతా పాసయ్యారు. ఇక్కడ మడికొండవాళ్లకు ఒక సంగతి. ఈ ఊళ్లో పెరిగిన కాళోజీ పుట్టింది ఆ సెప్టెంబర్ నెలలోనే.

ఊపిరితిత్తుల పొరకు వాపు రావడంతో గాంధీ ఆ దళంతో ఎక్కువ కాలం పని చెయ్యలేకపోయారు. 1915 జనవరిలో ఇండియాకు వచ్చేశారు. దక్షిణాఫ్రికా సేవకు గుర్తుగా అదే ఏడాది కైసర్-ఎ-హింద్ బంగారు పతకం ఇచ్చారు. 1920 ఆగస్టు 1న ఆ పతకాన్ని, బోయర్ యుద్ధం, జూలూ యుద్ధం పతకాలను ఆయన వైస్రాయ్‌కి తిరిగి ఇచ్చేశారు. పతకాలు పోయాయి, పని మాత్రం ఆగలేదు. సేవాగ్రామ్‌లో కుష్ఠుతో బాధపడుతున్న పర్చురే శాస్త్రికి స్వయంగా సేవ చేశారు. 1948 జనవరి 30న చనిపోయేదాకా రోగి మంచం పక్కన కూర్చోవడం ఆయన దినచర్యలో భాగమే.

ఏది నేర్చుకోవాలి, ఏది వదిలెయ్యాలి

గాంధీకి ప్రకృతి వైద్యం మీద నమ్మకం ఎక్కువ. ప్లేగు రోగుల్లో ముగ్గురికి తడి మట్టి పట్టీలు వేశారు. బతికిన ఇద్దరూ ఆ ముగ్గురిలోవాళ్లే కావడంతో ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది. ముగ్గురిని చూసి ఒక వైద్యం పనిచేస్తుందని తేల్చలేం. స్టాటిస్టిక్స్ చదివినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. గాయం మీద మట్టి పెడితే ధనుర్వాతం రావచ్చని ఇవాళ మనకు తెలుసు. అందుకని ఆయన మట్టి పట్టీని వదిలేద్దాం. ముందే నేర్చుకోవడం, అసహ్యించుకోకుండా ముట్టుకోవడం, డాక్టర్ వచ్చాక పక్కకు తప్పుకుని చెప్పింది చెయ్యడం, ఈ మూడింటినీ తీసుకుందాం.

ఆ కొద్ది నిమిషాల్లో

రక్తం కారితే: శుభ్రమైన గుడ్డ పెట్టి అరచేత్తో గట్టిగా ఒత్తండి. కనీసం పది నిమిషాలు. ఆగిందా లేదా అని మధ్యమధ్య తీసి చూడొద్దు. గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకోటి పెట్టండి. పసుపు, కాఫీ పొడి చల్లొద్దు.

కాలితే: వెంటనే కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచండి. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసెయ్యండి. ఐస్, టూత్‌పేస్ట్, సిరా పూయొద్దు. బొబ్బలు చిదమొద్దు.

ఎముక విరిగిందనిపిస్తే: సరిచెయ్యబోవద్దు. ఉన్నది ఉన్నట్టు కదలకుండా చెక్కో, మడిచిన పేపరో ఆసరాగా కట్టండి. మెడకు, వెన్నుకు దెబ్బ తగిలిందనిపిస్తే, మంటలు, ట్రాఫిక్ లాంటి ప్రమాదం ఉంటే తప్ప మనిషిని కదపొద్దు.

ఫిట్స్ వస్తే: చుట్టూ ఉన్న గట్టి వస్తువులు జరపండి, తల కింద మెత్తటిది పెట్టండి. చేతిలో తాళాలు, నోట్లో స్పూన్ పెట్టొద్దు. ఆగాక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. అయిదు నిమిషాలు దాటితే 108.

పాము కాటుకు: కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడు బిగించొద్దు. కరిచిన చెయ్యి లేదా కాలు కదలకుండా ఉంచి, నడిపించకుండా ఆసుపత్రికి చేర్చండి. నాటు మందుతో టైం పోగొట్టుకోవద్దు.

కుక్క కరిస్తే: సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగండి. కట్టు కట్టకుండా అదే రోజు టీకా కోసం వెళ్లండి.

కరెంట్ షాక్ కొడితే: ముందు మెయిన్ ఆఫ్ చెయ్యండి. ఆ తర్వాతే మనిషిని ముట్టుకోండి.

పడిపోయి, పిలిస్తే పలక్క, ఊపిరి ఆడకపోతే: 108కి ఫోన్ చేయించి, ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగేలా నొక్కండి. సాయం వచ్చేదాకా ఆపొద్దు. స్పృహ లేనివాళ్లకు నీళ్లు తాగించొద్దు.

ఇవన్నీ చదివితే తెలుస్తాయి. చేతికి రావాలంటే మాత్రం ట్రైనింగ్‌లో బొమ్మ మీద నొక్కి చూడాల్సిందే.

కెరియర్‌కి ఏం లాభం?

ఇండియన్ రెడ్‌క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ ఫస్ట్ ఎయిడ్ శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ ఇస్తాయి. కాలేజీలో ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్ ఉంటే అక్కడే అడగండి. ఫ్యాక్టరీల్లో ప్రతి 150 మందికి ఒక ఫస్ట్ ఎయిడ్ బాక్స్, దానికి శిక్షణ పొందిన ఒక మనిషి ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. ఇప్పుడు మడికొండలోనే ఐటీ పార్కు ఉంది, టెక్స్‌టైల్ పార్కు ఉంది. మగ్గాల షెడ్డులో సూపర్‌వైజర్‌కైనా, ఆఫీసులో హెచ్‌ఆర్ ఉద్యోగికైనా, స్కూల్ టీచర్‌కైనా, జిమ్ ట్రెయినర్‌కైనా ఈ సర్టిఫికెట్ అదనపు బలం. ఆసక్తి ఉంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్ కోర్సు చేసి ఇదే వృత్తిగా ఎంచుకోవచ్చు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సర్వీసు నడిచేది ఇలాంటి టెక్నీషియన్ల చేతుల మీదే.

సాయం చేస్తే పోలీసుల చుట్టూ తిరగాలేమో అన్న భయం ఇక వద్దు. రోడ్డు ప్రమాదంలో మంచి మనసుతో సాయపడ్డవాళ్లకు రక్షణ కల్పించే మార్గదర్శకాలను 2016లో సుప్రీంకోర్టు ఆమోదించింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ కూడా చేరింది. మీ పేరు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.

ఇంటర్వ్యూల మధ్య ఖాళీగా గడిచే రోజులు ఎవరికైనా ఉంటాయి. టీచర్ పోస్టు రాని గాంధీకి కూడా ఉన్నాయి. ఆ తర్వాత డర్బన్‌లో చేతినిండా కేసులు ఉన్నప్పుడు కూడా ఆయన రోజూ రెండు గంటలు తీశారు. మీరు ఈ నెలలో ఒక్క ఆదివారం తీయండి. వచ్చే నెల మడికొండ రోడ్డు మీద జనం గుమిగూడినప్పుడు, గుడ్డ తీసుకుని ముందుకు వెళ్లేవాళ్లు మీరే కావచ్చు.